ఓళిగల డబ్బా మీద గ్రీను సంతకం

స్వీటు డబ్బా మూతకు ఒక నాలిక ఉంటుంది. ఆ నాలిక దూరేదానికని డబ్బా ముందువైపు ఒక సందు ఉంటుంది. ఈ నాలిక ఆ సందులోకి సజావుగా దూరిన సంఘటన ఇంతవరకు ఎక్కడా నమోదు కాలేదని సవినయంగా మనవి. రెండు బొటనవేళ్లతో నొక్కుతాం. మూత మధ్యలో సొట్ట పడుతుంది. నాలిక చినుగుతుంది. చివరికి ఇంట్లో ఆడోళ్లు తలుపు గొళ్లేనికి తగిలించిపెట్టిన రబ్బరుబ్యాండు ఒకటి తెచ్చి డబ్బాకు వేస్తారు. దేశంలో మిఠాయి రవాణా అంతా ఈ రబ్బరుబ్యాండు మీదనే నడుస్తాంది.

ఇందులో అట్ట తప్పు లేదు. మిషను తప్పు లేదు. డబ్బా పుట్టకముందు ఒక కాగితం పుడుతుంది, దాన్ని డ్రాయింగు అంటారు. డ్రాయింగు మీద గీతలుంటాయి, గీతల పక్కన కొలతలుంటాయి, కొలతల పక్కన సూచనలుంటాయి. సూచన రాసే హక్కు చదువుకున్న ప్రతివానికీ ఉంది. రాసిందాన్ని చదివే బాధ్యత మాత్రం ఇంతవరకు ఎవరికీ అప్పజెప్పలేదు. (అనంతపురంలో నబీ సాబ్ అని ఒకాయన ఉన్నాడు, ఆయన చదువుతాడు. నష్టం ఆడనే జరిగింది.)

అనంతపురం అధికార్ల కాలనీలో కొళాయి నీళ్లు నాలుగు దినాలకొకసారి వస్తాయి, నోటీసుబోర్డు మీద నోటీసులు దినమూ వస్తాయి. ఆ నోటీసుల కింద ఉండే సంతకం జయరాందే. జయరాం నాలుగేండ్ల కిందట రిటైరైన గెజిటెడ్ అధికారి. ఏ ఆఫీసు అని అడగొద్దండి, ఆ ఆఫీసులో కూడా చానామందికి తెలీదు. గెజిటెడ్ అధికారి అంటే గ్రీను ఇంకుతో సంతకం పెట్టే అర్హత ఉన్న మనిషి. రిటైరైన రోజు ప్రభుత్వం జీపు వెనక్కి తీసుకునింది, అటెండరును వెనక్కి తీసుకునింది. గ్రీను పెన్ను తీసుకునేది మరిచిపోయింది.

ఆ పెన్ను నాలుగేండ్లుగా ఆయన చొక్కా జేబులో ఉపవాసం ఉంది. గ్యాసు సిలిండరు రసీదు మీద 'ఒకటి మాత్రమే ముట్టినది' అని రాసి సంతకం పెడతాడు. పాల కార్డు మీద 'సరిచూడబడినది' అంటాడు. కొరియరు వాళ్లు ఇప్పుడు ఫోను మీద వేలితో సంతకం పెట్టమంటాండారని, ఆ కంపెనీ వచ్చినప్పుడల్లా ఇంట్లో లేనని చెప్పిస్తాడు. వేలికి ఇంకు ఉండదు కదా.

ఆయన భార్య సుబ్బరత్నమ్మ ఓళిగలు, అంటే బొబ్బట్లు, చేస్తుంది. ముప్పై ఏండ్లుగా కాలనీలో ఎవరింట్లో నోము జరిగినా, నామకరణం జరిగినా ఓళిగలు ఆమెవే. అందరూ తిని 'అక్కా, నువ్వు అంగడి పెట్టల్ల' అన్నోళ్లే, ఇంకో రెండు అడిగి ఇంటికి కట్టించుకోని పోయినోళ్లే. ఇన్నేండ్లకు మొట్టమొదటిసారి ఒక మనిషి నిజంగానే అడిగినాడు. గుంతకల్లులో స్టేషను బయట టీ అంగడి నడిపే నాగప్ప.

"అక్కా, వచ్చే శుక్రవారం పొద్దున ఐదు నూర్లు తే. ఒక్కొక్కటి ఒక్కో డబ్బాలో ఉండల్ల. నూనె చేతికి అంటగూడదు. అమ్ముడుపోతే వారం వారం నీదే. పోకుంటే గుత్తిలో ఇంకొకామె కాసుకోనుండాది," అని ఫోనులో చెప్పినాడు.

సుబ్బరత్నమ్మ ఫోను పెట్టేసి, పెద్ద బాండలి అటక మీది నుంచి దింపింది. జయరాం ఆ రోజు ఆమె ముఖం చూసినాడు. చూసి, ఈ పనిలో తన వంతు సహకారం తప్పనిసరిగా అందించవలెనని తీర్మానించినాడు.

శనివారం సాయంత్రం భారతి వచ్చింది. కుళ్లాయప్ప అట్టడబ్బాల ప్రెస్సులో డ్రాయింగులు గీసేది ఆ పిల్లే. చుట్టిన కాగితం తీసి టీపాయి మీద పరిచింది.

"ఆంటీ, ఇదో మీ డబ్బా."

సుబ్బరత్నమ్మ చేతులకు మైదాపిండి. దూరం నుంచే చూసింది. "ఇది డబ్బానా? జాకెట్టుకు గుడ్డ కత్తిరించినట్ల ఉండాదే."

"మడిస్తే డబ్బా అయితాదాంటీ. ఎర్రగీత ఉన్న చోట కోత. గ్రీనుగీత ఉన్న చోట మడత. మిగతా రంగులు ఊరికే చదువుకునేదానికి. అంతే లెక్క. ఈ కాగితం నబీ మామకు పోతాది. ఆయన దీన్ని చెక్కపలక మీద అతికిచ్చి, గీత గీతకూ రంపం పెట్టి, ఆ సందులో ఉక్కురేకు దిగ్గొడతాడు. కోతకైతే పదునురేకు, మడతకైతే మొద్దురేకు. దాన్నే డై అంటారు. అట్ట మీద దాంతో ఒక్క నొక్కు నొక్కితే డబ్బా."

"నూనె?"

"లోపల పూత వేపిస్తా."

"మూత పడతాదా?"

"పడతాది."

న్యాయంగా ఈ కథ ఇక్కడ అయిపోవల్ల. (ఇద్దరు ఆడోళ్లు కూర్చొని తేల్చుకునే పని ఇంతసేపే పడుతుంది.) కానీ కాగితం కింది మూలలో భారతి అగ్గిపెట్టె అంత గడి ఒకటి గీసి, దాని మీద 'ఆమోదం' అని రాసింది.

జయరాం చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టినాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఆమోదించే అధికారి ఎవరు?" అన్నాడు.

"మీరే పెట్టండి సార్. ఊరికే ఒక సంతకం. ఆ మూల గడిలో, బ్లూ పెన్నుతో."

బ్లూ! జయరాం ఆ పిల్లను జాలిగా చూసినాడు. బ్లూ ఇంకు గుమాస్తాలది. నల్ల ఇంకు సూపరింటెండెంట్లది. ఈ కాలం పిల్లోళ్లకు కంప్యూటరు నేర్పిస్తాండారు గానీ ఇంకుల తారతమ్యం ఎవరు నేర్పిస్తాండారు?

"కాగితం ఈడ పెట్టి పోమ్మా. చదవకుండా సంతకం పెట్టే అలవాటు నాకు లేదు," అన్నాడు. (ముప్పైరెండేండ్ల సర్వీసులో ఈ వాక్యం వాడుకునే అవకాశం ఆయనకు ఇదే మొదటిసారి.)

"సరే సార్. సోమవారం నబీ మామకు చేరితే చాలు. నేను మా అక్క సీమంతానికి కదిరికి పోతాండా, గురువారం గానీ రాను. గడిలో సంతకం తప్ప ఇంకేమీ రాయొద్దండి సార్."

"నాకు తెల్దా?" అన్నాడు జయరాం. ఆ పిల్ల అమాయకురాలు, నమ్మి పోయింది.

ఆదివారం జయరాం స్నానం చేసి, బొట్టు పెట్టుకొని, డ్రాయింగు ముందు కూర్చున్నాడు. దాని మీద ఇరవైమూడు కొలతలున్నాయి. నూటపది, నూటపది, ఇరవై, పన్నెండున్నర. ఆయన దేన్నీ కొలిచి చూడలేదు. అయితే ఒక కొలతను ఆమోదించినామంటే దాని పక్కన పొట్టి సంతకం ఉండవల్ల. లేకుంటే రేపు ఎవడైనా నూటపదిని నూటయాభై చేస్తే ఎవరు జవాబు? ఇరవైమూడు కొలతలకు ఇరవైమూడు పొట్టి సంతకాలు పెట్టినాడు. గ్రీను ఇంకు నాలుగేండ్ల తర్వాత కాలవ పారినట్లు పారింది.

ఇంక మిగిలింది పొడుగు సంతకం. దాన్ని ఆ మూల గడిలో ఇరికించేదానికి ఆయనకు మనసొప్పలేదు. మూల సంతకం పెట్టేది అటెండరు. సరిగ్గా నడిమధ్యన, మూత మీద, ఈ చివర నుంచి ఆ చివరకు పెట్టినాడు. జయరాం సంతకం ఒక కొండలాగా మొదలవుతుంది. రెండు సుడులు తిరుగుతుంది. చివర తోక కాగితం అంచుదాకా పోయి, ఏదో మరిచిపోయినట్ల వెనక్కి తిరిగొచ్చి, కింద రెండు చుక్కలు పెట్టి పడుకుంటుంది.

"అయిందా?" అని వంటింట్లో నుంచి సుబ్బరత్నమ్మ అడిగింది.

"ఇప్పుడే మొదలైంది," అన్నాడు.

ఎందుకంటే నియమావళి లేని ఆమోదం చెల్లదు. ఒక తెల్లకాగితం తీసుకొని 'ఓళిగల డబ్బా డ్రాయింగు అమలు నియమాలు' అని శీర్షిక పెట్టి పదకొండు నియమాలు రాసినాడు. నాలుగో నియమం ప్రకారం డ్రాయింగును చేతులు కడుక్కొని మాత్రమే ముట్టుకోవలెను. తొమ్మిదో నియమం ప్రకారం ఫోనులో సందేహాలు అడగరాదు. అన్నిటికంటే గొప్పది ఏడోది. 'ఆమోదం పొందిన కాగితముపై గల ఏ గీతనైననూ, చిన్నది కదా యని గానీ, అనవసరము కదా యని గానీ, ఎవరునూ వదిలివేయరాదు.' ఈ నియమం రాసిన తర్వాత ఆయన పెన్ను కింద పెట్టి, లేచి, కిటికీ దగ్గరికి పోయి, కొంచెం సేపు బయటికి చూసినాడు. సర్వీసులో ఉన్నప్పుడు ఇంత బాగా రాయలేదు.

ఒకే సంతకంతో పోయే కాగితానికి బరువు తక్కువ. అందుకని సాయంత్రం దాన్ని పక్కింటి చౌడప్ప సారు దగ్గరికి తీసుకోనిపోయినాడు. చౌడప్ప సారు రిటైరైన హెడ్మాస్టరు. కాగితం అనేది కనబడితే దిద్దకుండా విడిచిపెట్టడం ఆయన వల్ల కాదు. పెండ్లిపత్రికలు దిద్ది, మార్కులేసి, తిరిగి ఇంటోళ్లకే ఇచ్చిన ఘనత ఆయనది. జేబులో ఎర్రపెన్ను ఉంటుంది.

"బాగా గీసింది పిల్ల," అంటూ చౌడప్ప సారు కొలత కొలతకూ ఒక రైటు మార్కు కొట్టుకుంటా పోయినాడు. చివరకు, మూత మీద, జయరాం కొండ పక్కన ఖాళీ చూసుకొని, పెద్దగా ఎనిమిది బై పది వేసినాడు.

"రెండు మార్కులు యాల తగ్గించినావు సారూ?"

"మార్జిను విడవలేదప్పా. అది తప్పు కాదా?"

జయరాం ఒప్పుకున్నాడు. అది తప్పే.

సోమవారం పొద్దున జయరాం స్వయంగా పాతూరికి పోయినాడు. నబీ సాబ్ షెడ్డు అంటే రెండు రంపాలు, ఒక సుత్తి, రేకులు వంచే పట్టుకొయ్య, గోడ నిండా పాత డైలు. నబీ సాబ్ నలభై ఏండ్లుగా ఇదే పని చేస్తాండాడు. ఆయన గురించి ఒక్క సంగతి తెలుసుకోవల్ల. ఇరవై ఏండ్ల కిందట ఒక ఊదొత్తుల డబ్బా డ్రాయింగులో మూత పొట్టిగా ఉందని, తనే ఆలోచించి, రెండు మిల్లీమీటర్లు పెంచి డై చేసినాడు. డబ్బా బ్రహ్మాండంగా వచ్చింది. 'ఎవర్ని అడిగి పెంచినావు?' అని ఆ ఊదొత్తులాయన డబ్బులియ్యకుండా ఆరు నెలలు తిప్పుకున్నాడు. ఆ పొద్దు నుంచి నబీ సాబ్ షెడ్డులో ఆలోచన నిషేధం. కాగితం మీద ఉంటే ఉన్నట్లు, లేకుంటే లేనట్లు.

నబీ సాబ్ చేతులు కడుక్కొని (నాలుగో నియమం) కాగితం పట్టుకున్నాడు. అటు తిప్పి చూసినాడు. ఇటు తిప్పి చూసినాడు. బయట ఎండలోకి పోయి చూసినాడు.

"సార్, ఈ గ్రీనువన్నీ కావల్నా?"

"అదేం ప్రశ్నప్పా? అవి లేకుంటే కాగితానికి విలువేముండాది?"

"ఈ కొండ మాదిరి ఉండేది?"

జయరాంకు ముఖం ఎర్రబడింది. "నబీ సాబ్, ఏడో నియమం చదువు."

"సన్నక్షరాలు కండ్లకు ఆనవు సార్. మీరే చదవండి."

జయరాం గొంతు సవరించుకొని చదివినాడు. షెడ్డులో పిల్లి ఒకటి లేచి కూర్చునింది.

"అంటే, ఏదీ వదలగూడదు," అన్నాడు నబీ సాబ్.

"వదలగూడదు."

"ఈ ఎర్రవి గూడా? ఈ ఎనిమిదీ, పదీ?"

"అవి చౌడప్ప సారు వేసినవి. ఆయన ముందర నేనే నిలబడి మాట్లాడతా, కూర్చోను. వాటిని నువ్వు తీసేస్తావా?"

"నేనెవర్ని సార్ తీసేసేదానికి," అన్నాడు నబీ సాబ్ నెమ్మదిగా. కొంచెంసేపు గోడ మీది ఊదొత్తుల డై వైపు చూసినాడు. "మామూలు డబ్బాకైతే అర్ధదినం సార్. ఇది రెండున్నర దినాలు పడతాది. బుధవారం సాయంత్రం నేనే ప్రెస్సుకు చేరుస్తా."

చెప్పిన పనిని ఎదురుచెప్పకుండా చేసే మనుషులు ఇంకా ఉన్నారనే సంతృప్తితో జయరాం ఇంటికొచ్చినాడు.

బుధవారం సాయంత్రం డై ప్రెస్సుకు చేరింది. భారతి కదిరిలో గాజులు తొడుగుతాంది. మిషను నడిపేవానికి ఎక్కించిన డై నడపమని జీతం, చూడమని కాదు. గురువారం మధ్యాహ్నానికి ఐదు నూర్ల అట్టలు, కట్టలు కట్టి, ఆటోలో కాలనీకి వచ్చినాయి.

ఆ పొద్దుకు సుబ్బరత్నమ్మ పూర్ణం ఉడకబెట్టి, ఉండలు చేసి, తడిగుడ్డ కప్పి పెట్టింది. జయరాం కట్ట విప్పి పైఅట్ట తీసి మడవబోయినాడు. పక్కగోడలు లేచినాయి. లేచి, నడుం దగ్గర మళ్లీ వంగినాయి. ఇటువైపు నిలబెడితే అటువైపు కూర్చునింది. ఇరవైమూడు చోట్ల ఇరవైమూడు చిన్న మడతలు, ప్రతి దాని పక్కన రైటు మార్కు ఆకారంలో ఒక కంత. మూత అయితే మూత కాదు. కొండ దగ్గర ఒక మడత, సుడి దగ్గర రెండు, తోక పొడుగునా ఒకటి, అన్నీ కలిసి ఎవరో నలిపి పారేసి మళ్లీ తెరిచినట్లుంది. ఎనిమిది బై పదిలో ఎనిమిదికి రెండు కండ్లు పడినాయి. పదిలో సున్న రాలిపోయి ఆయన పాదం మీద పడింది.

సుబ్బరత్నమ్మ వచ్చి, పిండిచేత్తో ఆ సున్నను తీసి, వెలుతురుకు పెట్టి చూసింది.

"ఏమిది?"

"ఆమోదం," అన్నాడు జయరాం.

"రేపు పొద్దున ఏడు గంటలకు నేను బండెక్కల్ల సార్," అనింది. (ముప్పైమూడేండ్ల కాపురంలో ఆమె ఆయన్ను సార్ అన్నది మూడుసార్లు. మొదటి రెండిటి గురించి కాలనీలో ఇప్పటికీ మాట్లాడుకుంటారు.)

ఇట్లాంటి విపత్తులో చదువుకున్న మనిషి చేయగలిగింది ఒక్కటే. జయరాం విచారణ సంఘం వేసినాడు. సాయంత్రం నాలుగు గంటలకు, వరండాలో, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. అధ్యక్షుడు జయరాం, సభ్యుడు చౌడప్ప సారు, సాక్షి నబీ సాబ్. నబీ సాబ్ టీవీయెస్ బండి మీద డైని గోనెపట్టలో చుట్టుకొని, ప్రెస్సు నుంచి అడిగి మరీ తెచ్చినాడు.

"ఎవరి తప్పో ఈ పొద్దు తేలాల్సిందే," అన్నాడు జయరాం.

"తప్పా?" నబీ సాబ్ నిజంగానే ఆశ్చర్యపోయినాడు. గోనెపట్ట విప్పినాడు. "చూడు సార్, ఏమన్నా వదిలినానా? ఈ తోక ఉండాదే, వెనక్కి తిరిగే చోట మూడు రేకులు విరిగినాయి. నాలుగోది కుంపటి మీద కాల్చి వంచినా. ఈ రెండు చుక్కలకు సైకిలు పుల్లలు కోసి పెట్టినా. నలభై ఏండ్లలో ఇంత కష్టమైన పని చేయలే. మా ఇంట్లో హబీబా అనింది, ఎవరు ఈ పెద్దమనిషి, సంతకం ఇంత వంకర్లు పోతాడు అని."

జయరాం చూసినాడు. చెక్కపలక మీద, తన సంతకం, ఉక్కులో. కొండ కొండలాగే ఉంది. సుడులు సుడులే. ముప్పైరెండేండ్లు ఫైళ్ల మీద, సర్టిఫికెట్ల మీద, చెట్లు లెక్కపెట్టిన కాగితాల మీద ఎన్నివేలసార్లు పెట్టినాడో. ఒక్కడంటే ఒక్కడు దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చదవలేదు. ఇక్కడ ఒక మనిషి రెండున్నర దినాలు చదివినాడు. జయరాం కోప్పడేది మరిచిపోయినాడు. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నా రైటు మార్కులు గూడా బాగా తెగినాయి," అన్నాడు చౌడప్ప సారు, వేలు పెట్టి చూస్తా.

అప్పుడే కదిరి బస్సు దిగి నేరుగా వచ్చిన భారతి, అట్ట చూసింది, డై చూసింది, ఏడో నియమం చదివింది. తర్వాత వరండా మెట్ల మీద కూర్చొని చున్నీ నోట్లో కుక్కుకునింది. ఏడుస్తాందనుకొని చౌడప్ప సారు నీళ్లిచ్చినాడు.

"ఇప్పుడు కొత్త డై ఎంతసేపు?" అని సుబ్బరత్నమ్మ వాకిట్లో నుంచి అడిగింది.

"పలక కోయల్ల, రేకులు వంచల్ల, మళ్లా ప్రెస్సు నడపల్ల. రేపు సాయంత్రం అయితాదాంటీ," అనింది భారతి, కండ్లు తుడుచుకుంటా. "మీ బండి పొద్దున కదా."

విచారణ సంఘం అరగంట చర్చించి, తప్పు అట్టదేనని, అది మరీ సులభంగా మడతపడుతోందని నిర్ణయించింది. తీర్మానం రాసేలోపల సుబ్బరత్నమ్మ ఒక అట్ట తీసుకొని లోపలికి పోయింది. పెనం మీది ఓళిగ ఒకటి తెచ్చి, ఆ అట్ట మధ్యన పెట్టి, ఇటు నుంచి అటు చుట్టింది. ఇన్ని మడతలు పడిన అట్ట ఎటు వంచితే అటు వంగింది. పూత లోపలి వైపు. కంతల్లో నుంచి ఆవిరి సన్నగా బయటికొచ్చింది.

"తిను నబీ అన్నా. నిలబడి తిను. కూర్చోవద్దు."

నబీ సాబ్ నిలబడి తిన్నాడు. తిని, వేళ్లు చూసుకున్నాడు. నూనె లేదు.

"ఇంగొకటుంటే బాగా తెలుస్తాదక్కా," అన్నాడు.

శుక్రవారం పొద్దున ఏడు గంటల బండికి సుబ్బరత్నమ్మ స్టీలు డబ్బాల నిండా ఓళిగలు, అట్టల కట్టలు, మోసేదానికి జయరాంను తీసుకొని గుంతకల్లుకు పోయింది.

"డబ్బాలు యాడక్కా?" అన్నాడు నాగప్ప.

"డబ్బాలు లేవప్పా. చుట్టిస్తా. నిలబడి తింటారు."

నాగప్ప ముఖం చిట్లించుకున్నాడు. గుత్తి ఆమె నంబరు ఫోనులో వెతికినట్లు కూడా జయరాంకు కనబడింది. కానీ అప్పటికే హుబ్లీ వైపు పోయే బండికి టైమైందని పరిగెత్తేవాళ్లు ఇద్దరు ఆగినారు. ఒక చేతిలో సూట్‌కేసు, ఒక చేతిలో ఓళిగ. డబ్బా అయితే ఇంకో చెయ్యి కావలసొచ్చేది. పదిన్నరకు ఐదు నూర్లూ అయిపోయినాయి. రైల్వే క్వార్టర్సులో ఉండే ముసలాయన ఒకడు అట్టలో కంత చూసి, "ఎనిమిదేనా? పోనీ తొమ్మిదియ్యొచ్చమ్మా," అని పోయినాడు.

"వారం వారం వెయ్యి," అన్నాడు నాగప్ప. "ఇట్లే కావల్ల. ఈ అట్టే కావల్ల. ఒక్క మడత అటూ ఇటూ అయినా నాకొద్దు. జనం మర్గినారంటే అంతే, మార్చగూడదు."

తిరుగుబండిలో సుబ్బరత్నమ్మ కిటికీ దగ్గర కూర్చొని, ఖాళీ స్టీలు డబ్బా ఒళ్లో పెట్టుకొని, పామిడి దాటేదాకా నవ్వుకుంటానే ఉండింది. జయరాం నవ్వలేదు. ఆయన లెక్కలో ఇది ఆమె విజయం కాదు, ఏడో నియమానిది.

కష్టం శనివారం మొదలైంది. నబీ సాబ్ ఫోను చేసినాడు. ఐదు నూర్ల నొక్కులకే ఆ సన్న వంకర్ల దగ్గర పలక చీలి రేకులు ఊడొస్తాండాయని, వెయ్యికి నిలబడదని, కొత్త డై కావల్లని. పాత డ్రాయింగు పలకకు అతికి రంపానికి బలైపోయింది.

"దానికేముంది, పాత అట్ట కాగితం మీద పెట్టి గీసుకో నబీ అన్నా," అనింది సుబ్బరత్నమ్మ.

"గంటలో గీస్తానక్కా."

జయరాం లేచి నిలబడినాడు. "నా సంతకాన్ని ఇంకొక మనిషి గీస్తే దాన్నేమంటారో తెలుసా? ఫోర్జరీ. నబీ సాబ్ మంచోడని నేరం నేరం కాకుండా పోతాదా? ఆమోదం మళ్లా నేనే పెట్టల్ల."

నబీ సాబ్ ఆ మాట ఫోనులో విన్నాడు. జైలు, ఊదొత్తులు, అన్నీ ఆయనకు ఒకేసారి గుర్తొచ్చినట్లున్నాయి. "సార్ సంతకం పెట్టిన కాగితం వస్తేనే రంపం ఎత్తుతా అక్కా. ఏమనుకోవద్దు," అని పెట్టేసినాడు. భారతి కొత్త డ్రాయింగు తెచ్చింది. బ్లూ పెన్ను ఊసెత్తలేదు. చౌడప్ప సారు మార్కులు మాత్రం ఇబ్బంది పెట్టలేదు, ఆయన జీవితంలో ఎవరికీ ఎనిమిదికి మించి వేయలేదు కాబట్టి అవి అచ్చం అట్లే వచ్చినాయి.

మిగిలింది జయరాం సంతకం. ఇక్కడ ఒక చిన్న నిజం ఒప్పుకోవల్ల. జయరాం సంతకం ఏ రెండుసార్లూ ఒకేలాగా రాదు. పోయిన నెలలో బ్యాంకు వాళ్లు సంతకం కలవలేదని ఆయన ఫారాన్ని మూడుసార్లు తిప్పి పంపినారు. మూడోసారి ఆయన గుమాస్తాతో, 'నేను జయరాం కాకుంటే ఇంకెవరు?' అని అడిగితే, గుమాస్తా 'అదే మాకూ తెలీడంలేదు సార్' అన్నాడు.

శనివారం నుంచి ఈ పొద్దుటిదాకా ఆయన పాత న్యూస్‌పేపర్ల మీద సాధన చేస్తాండాడు. ఒకసారి కొండ గుట్ట అవుతాంది. ఒకసారి సుడి ఒక్కటే తిరుగుతాంది. తోక వెనక్కి రాకుండా పోతాంది. భారతి పాత అట్టను పక్కన పెట్టుకొని ప్రతి సంతకాన్నీ స్కేలుతో కొలిచి, తల అడ్డంగా ఊపుతాంది. దానికి తోడు, ఇది శాశ్వత సరఫరా కాబట్టి సంతకం కింద తేదీ, హోదా, కుండలీకరణాల్లో 'రిటైర్డ్' అని కూడా ఉండవలెనని పన్నెండో నియమం వచ్చింది. సుబ్బరత్నమ్మ ఆ కాగితాన్ని చూసి, "వెయ్యి ఓళిగలకు శనగబేళ్లు తెచ్చిపెట్టినా సార్," అని మాత్రం అనింది. నాలుగోసారి.

కాబట్టి చదువరులకు విన్నపం. ఈ పొద్దు సోమవారం. శుక్రవారం ఏడు గంటల బండి ఆగదు. గుత్తిలో ఇంకొకామె కాసుకోనే ఉండాది. మనిషి తన సంతకం తానే రెండోసారి పెట్టే ఉపాయం మీలో ఎవరికైనా తెలిసుంటే, లేక తన సంతకాన్ని తానే ఫోర్జరీ చేసుకునేదానికి ఏ ఆఫీసులో అనుమతి ఇస్తారో తెలిసుంటే, దయచేసి వెంటనే రాసి పంపండి. చేతులు జోడించి అడుగుతాండాం. ఏ కాగితం మీద రాసినా ఫరవాలేదు, ఏ ఇంకుతో రాసినా ఫరవాలేదు. కింద సంతకం మాత్రం పెట్టొద్దండి. నబీ సాబ్ దాన్నీ వదలడు.